పొలం తండ్రిది, ఫోను కొడుకుది

వెలిమెలలో ఇంకా సేద్యం వదలని ఇళ్లలో ఒక సంగతి తరచుగా కనబడుతుంది. పొలం తండ్రి చూసుకుంటాడు, స్మార్ట్‌ఫోను కొడుకు దగ్గర ఉంటుంది. ఆ కొడుకు పటాన్‌చెరులోనో పాశమైలారంలోనో ఒక కంపెనీలో షిఫ్టు పని చేస్తుంటాడు. ఫోను గేటు దగ్గర లాకర్లో పెట్టి లోపలికి పోవాల్సిన ఫ్యాక్టరీలు ఈ చుట్టుపక్కల తక్కువేమీ కాదు. వరిలో దోమపోటు కనిపిస్తే వెంటనే మడిలో నీరు తీసెయ్యండి అని ఒక సందేశం పొద్దున పదింటికి వచ్చిందనుకోండి. అప్పటికి తండ్రి గట్టు మీద ఉంటాడు, సందేశం లాకర్లో ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చిన పిల్లవాడికి బ్యాంకు మెసేజీలు, రీచార్జి మెసేజీల నడుమ అది కనబడితే కనబడుతుంది. కనబడ్డా నాన్నకు చెప్పాలన్న ఆలోచన రావాలి. దోమపోటు అంతదాకా ఆగదు. కొద్ది రోజుల్లో మడి మడే సుడులు సుడులుగా ఎండిపోతుంది.

పంపినవారి లెక్కలో మాత్రం ఇది సలహా అందిన ఇల్లే. ఎన్ని నంబర్లు నమోదయ్యాయి, ఎన్ని సందేశాలు వెళ్లాయి, ఎందరు యాప్ దింపుకున్నారు అన్నవే మన దగ్గర పోగుపడే అంకెలు. ఆ మాట పొలం గట్టు దాకా నడిచిందా లేదా అన్నది ఎవరూ లెక్కపెట్టడం లేదు. డిజిటల్ సలహాల గురించి మాట్లాడేటప్పుడు మనసు నిలపవలసింది ఈ చివరి నడక మీదే.

వెలిమెల ఉన్న చోటును తలచుకుంటే ఈ కొరత మరింత బాధ పెడుతుంది. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని ఊరు ఇది. ఒక పక్క కొల్లూరు, తెల్లాపూర్ బహుళ అంతస్తులు, మరో పక్క బీహెచ్‌ఈఎల్. జాతీయ రహదారి ఎక్కి కొంత దూరం పోతే ఇక్రిశాట్. మెట్ట పంటల పరిశోధనకు 1972లో నెలకొల్పిన అంతర్జాతీయ సంస్థ అది. నల్లరేగడి, ఎర్రచల్క రెండూ ఒకే ఆవరణలో దొరుకుతాయని ఏరికోరి ఈ చోటు తీసుకున్నారు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తన రకాలు లక్షకు పైగా అక్కడి నిధిలో భద్రంగా ఉన్నాయి. ఇంకొంచెం ముందుకు పోతే కందిలో ఐఐటీ. వ్యవసాయ విజ్ఞానానికీ సాంకేతికతకూ ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లు దేశంలో ఎన్నో ఉండవు.

ఆ ఇక్రిశాట్ నుంచే ఒక మంచి ప్రయత్నం కర్నూలు జిల్లా దేవనకొండ దాకా వెళ్లింది. 2016 వానాకాలంలో మైక్రోసాఫ్ట్‌తో కలిసి 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో సందేశాలు పంపారు. యాప్ లేదు, స్మార్ట్‌ఫోను అక్కర్లేదు. మామూలు బటన్ ఫోనుకు వచ్చే సందేశమే. అందులో ముఖ్యమైన మాట ఒకటే: ఇప్పుడే విత్తవద్దు, ఆగండి. తొలకరి పడగానే ఇరుగుపొరుగు గొర్రు కడుతుంటే, జూన్ చివరి వారం దాకా విత్తనం ఇంట్లో పెట్టుకుని ఆగడం రైతుకు చిన్న విషయం కాదు. ఆగినవారికి సగటున ముప్పై శాతం దాకా ఎక్కువ దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. మరుసటి ఏడాది వేలమందికి విస్తరించారు. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ కృత్రిమ మేధను పొగుడుతారు. పొగడవలసిందే. అయితే ఆ రైతులు ఆగింది లెక్కకట్టిన యంత్రాన్ని చూసి కాదని నా నమ్మకం. భూసార పరీక్షలకని, విత్తన శుద్ధి చూపించడానికని అప్పటికే ఊళ్లో తిరుగుతున్న మనుషులు కొందరు ఉన్నారు. సందేశం వెనుక ఆ ముఖాలు కనబడ్డాయి.

రైతుకు చదువు రాదు కాబట్టి డిజిటల్ సలహా పారడం లేదన్న మాట కార్యాలయాల్లో బాగా వినబడుతుంది. నిజమే, చదువు తక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మెదక్ జిల్లా అక్షరాస్యత 61 శాతం. ఆడవాళ్లలో సగానికి కాస్త ఎక్కువ. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 26.5 శాతమే. నాటు, కలుపు, పత్తి ఏరుడు వంటి పనుల్లో ఆడవాళ్ల చేతులే ఎక్కువగా ఉండే చోట ఈ అంకె తలకెక్కించుకోవలసిందే. కానీ చదువు వచ్చినవాడికి మాత్రం ఈ సలహాలు సులువుగా ఒంటబడుతున్నాయా?

ఒక మామూలు సందేశాన్ని దగ్గర పెట్టుకుని చూద్దాం. లీటరు నీటికి ఫలానా మందు 2 మిల్లీలీటర్లు కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం పిచికారీ చేయండి. శాస్త్రవేత్తకు ఇంతకంటే స్పష్టమైన వాక్యం ఉండదు. రైతు భుజాన ఉన్న పంపు ట్యాంకు పట్టేది 16 లీటర్లు. మందు కొలిచేది సీసా మూతతో. ఆ మూత ఎన్ని మిల్లీలీటర్లో సీసాను బట్టి మారుతుంది. ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు పోయాలని, ఎకరాకు పన్నెండు పదమూడు ట్యాంకులు కొట్టాలని గట్టు మీద నిలబడి లెక్కకట్టడం పదో తరగతి చదివినవాడికీ ఇబ్బందే. ఆరు ట్యాంకులతో సరిపెట్టి, మందు తక్కువ పడిందేమోనన్న భయంతో మూత మీద ఇంకో మూత పోసేవారు ఎందరో. ట్యాంకుకు ఎన్ని మూతలు, ఎకరాకు ఎన్ని ట్యాంకులు అని రాసి పంపితే ఈ చిక్కు సగం తీరుతుంది. రైతుకు అక్షరాలు నేర్పే పని పెద్దదే, జరగవలసిందే. ఈ లోపల సలహా రాసేవారు రైతు కొలతలు నేర్చుకోవడానికి ఏ అడ్డూ లేదు.

అక్షరం రానివాళ్లు యంత్రాన్ని వాడలేరన్న అపోహను తుడిచిపెట్టిన చోటు ఇదే సంగారెడ్డి జిల్లాలో ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో చదువుకోని దళిత రైతు మహిళలు కెమెరా పట్టారు. విత్తనం గురించి, పంట గురించి, తమ బతుకు గురించి సినిమాలు తీశారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల గోడును ఈ శతాబ్దం మొదట్లోనే చిత్రంగా తీసి దేశం ముందు పెట్టింది వీళ్లే. మాచనూరులో వీళ్ల సంఘం రేడియో 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. అంతకు పదేళ్ల ముందే స్టూడియో సిద్ధం చేసుకుని, లైసెన్సు రాక, రికార్డు చేసిన క్యాసెట్లు సంఘాల్లో వినిపించుకుంటూ వేచి ఉన్నారు. పనులు ముగించుకుని ఇల్లు చేరాక, రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని వినే వేళకు ప్రసారం. మాట్లాడేది పక్క ఊరి ఆడమనిషే. సామ, కొర్ర, పచ్చజొన్న ఎప్పుడు ఏది కలిపి చల్లాలో ఆమె తన చేనులో చేసి చూసి చెబుతుంది.

కెమెరా నేర్చుకుంటున్నప్పుడు ఆ మహిళలు షాట్లకు తమవే పేర్లు పెట్టుకున్నారు. దొరకూ జీతగాడికీ నడుమ ఉండే ఎత్తుపల్లాలు చూపే కోణానికి పటేలు షాటు అన్నారు. ఎదుటి మనిషి కంటికి సమంగా కెమెరా నిలిపి తీసేదానికి సంఘం షాటు అన్నారు. తమ సినిమాల్లో వాళ్లు ఎక్కువగా ఎంచుకున్నది ఈ రెండోదాన్నే. వ్యవసాయ సలహాలు రాసే ప్రతి కార్యాలయం గోడ మీదా ఈ సంగతి రాసి పెట్టుకోవాలనిపిస్తుంది. ఆ సొసైటీని నడిపించిన పి.వి.సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. ఆయన వెన్నుదన్నుగా నిలిచిన ఈ పనిని మన విశ్వవిద్యాలయాలు ఒక పాఠంగా ఎందుకు చదవలేదో అర్థం కాదు.

సాంకేతిక సంస్థల వైపు నుంచి కూడా ఇలాంటి ఆలోచన రాకపోలేదు. 2004లో హైదరాబాద్ ఐఐఐటీ ఆచార్యుడు పి.కృష్ణారెడ్డి బృందం ఈ-సాగు పేరుతో ఒక ప్రయోగం చేసింది. వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలో ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ అనే మూడు ఊళ్లు, 1,051 పత్తి చేలు. రైతు కంప్యూటర్ ముందుకు రానక్కర్లేదు, ప్రశ్న అడగనక్కర్లేదు. ఆ ఊళ్ల నుంచే చదువూ సేద్యమూ రెండూ తెలిసిన వారిని సమన్వయకర్తలుగా తీసుకున్నారు. వాళ్లు వారానికొకసారి ప్రతి చేనుకూ వెళ్లి మొక్కకు, ఆకుకు, కాయకు ఫోటోలు తీసేవారు. అప్పటి నెట్టు అంత బరువు మోయలేదు కాబట్టి ఫోటోలను సీడీల్లోకి ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు ఒక్కో చేను చరిత్ర చూసి ఒక్కో సలహా రాస్తే, అది ఒకటి రెండు రోజుల్లో ఊరికి తిరిగి వచ్చేది. సమన్వయకర్త పోయి రైతుకు వివరించి చెప్పేవాడు.

నా దృష్టిలో ఈ ఇరవై ఏళ్లలో మన నేల మీద జరిగిన డిజిటల్ వ్యవసాయ ప్రయోగాల్లో అన్నింటికంటే తెలివైనది ఇదే. ఫోటో చూసి తెగులు చెప్పే యాప్‌లు ఇప్పుడు బోలెడు. జర్మనీ యువకులు మొదలుపెట్టిన ప్లాంటిక్స్ 2017లో ఇక్రిశాట్‌తో, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి తెలుగులోకి వచ్చింది. క్షణంలో జవాబు ఇస్తుంది. ఈ-సాగుకు రోజున్నర పట్టేది. కానీ ఈ-సాగులో రైతు అడగకముందే చేను చూసిన మనిషి ఉన్నాడు. పురుగు గుడ్డు దశలో ఉండగానే అతడి కంటబడేది. రైతు ఫోను తీసి ఫోటో కొట్టేది ఆకు మాడాకనే కదా. సలహా చెప్పి వెళ్లిన మనిషి వచ్చే వారం మళ్లీ అదే గట్టు మీదికి రావాలి. చెప్పింది తప్పయితే ఆ రైతు ముఖం చూడాలి. సలహాకు జవాబుదారీ ఉన్న చోటు అది. పాలమూరు జిల్లా అడ్డాకులలో ఇక్రిశాట్, ఆదర్శ మహిళా సమాఖ్యతో కలిసి చేసిన కరువు సమాచార కేంద్రంలోనూ ఇదే పద్ధతి. ఏ ఊరికి ఎంత కరువు ముప్పు ఉందో రంగులు వేసిన పటాలుగా చూపి, సమాఖ్య మహిళలే ఊరూరా చెప్పుకున్నారు.

మళ్లీ వెలిమెలకు వద్దాం. ఈ పారిశ్రామిక మండలంలో సేద్యానికి ఉన్న చిక్కులు దేవనకొండకు లేవు. ఊరు తెల్లాపూర్ మున్సిపాలిటీలో కలిసింది. హద్దురాళ్లు పాతిన వెంచర్ల మధ్య మడులు మిగిలాయి. చాలాచోట్ల భూమి ఒకరిది, దున్నేది ఇంకొకరు. పాసుపుస్తకం హైదరాబాద్‌లో ఉన్న యజమాని బీరువాలో ఉంటుంది. పథకాలన్నీ పట్టా మీద నడిచినట్టే నమోదైన ఫోను నంబరూ పట్టాదారుదే అవుతుంది. కాండం తొలిచే పురుగు గురించిన హెచ్చరిక ఆ యజమాని ఫోనులో మోగితే కౌలుదారుకు ఏం ఒరుగుతుంది? కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వడానికి 2011లో ఉమ్మడి రాష్ట్రం చట్టమే చేసింది. అది కాగితం మీద ఉంది, చేలల్లో లేదు. కౌలు రైతు పేరు ఏ జాబితాలోనూ లేనంతకాలం ఎంత గొప్ప సాంకేతికతా అతడి తలుపు తట్టలేదు.

ఇంకొక బాధ ఉంది. పటాన్‌చెరు కంపెనీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి పొలాలను, బావులను చెరిచిన కథ ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1990లోనే అది సుప్రీంకోర్టు మెట్లెక్కింది. డాక్టర్ కిషన్‌రావు వంటి వైద్యులు దశాబ్దాలు దాని వెంట పడ్డారు. అటువంటి నీరు పారిన మడిలో ఆకు పసుపెక్కితే యాప్ కెమెరా ఏం చెబుతుంది? జింకు లోపమనో, తెగులనో చెబుతుంది. రైతు మందు కొంటాడు, ఆకు మళ్లీ పచ్చబడదు. ఈ మడికి నీళ్లు ఎక్కడివని అడగాలంటే ఆ నేల మీద తిరిగిన మనిషి కావాలి. ఫోటోలో వాగు కనబడదు.

మరి ఇన్నాళ్లూ రైతుకు సలహా చెబుతున్నది ఎవరు? మందుల దుకాణదారు. ఏమైంది కాకా, ఆకు ముడుసుకుందా అని ఆప్యాయంగా అడుగుతాడు. ఉద్దెర ఇస్తాడు. చీటీ మీద మందు పేరు రాసి, ట్యాంకుకు రెండు మూతలని రైతు కొలతల్లోనే చెబుతాడు. 2003లో జాతీయ నమూనా సర్వే దేశంలో రైతులను అడిగితే, అరవై శాతం మందికి ఏ మార్గం నుంచీ ఆధునిక సలహా అందలేదని తేలింది. అందినవారికి ముందుగా తోటి రైతు, తర్వాత ఎరువుల దుకాణం, రేడియో. ప్రభుత్వ ఉద్యోగి వాటి తర్వాతే. అదే ఏడాది రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ దుకాణదారులకే ఏడాది డిప్లొమా చదువు మొదలుపెట్టింది. మంచి ఆలోచన. కానీ అమ్మేవాడే వైద్యుడైనప్పుడు, మందు అక్కర్లేదు అన్న సలహా రావడం కష్టం. దోమపోటుకు ముందు మడిలో నీరు తీయమన్న మాట ఏ దుకాణానికీ లాభసాటి కాదు. ఆ మాట చెప్పడానికే ప్రభుత్వం కావాలి.

ప్రభుత్వం దగ్గర సాధనాలు లేవా అంటే ఉన్నాయి. 1800-180-1551కు ఫోన్ చేస్తే కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి తెలుగులో పలుకుతోంది. డబ్బు పడదు, అక్షరం అక్కర్లేదు. తెలంగాణలో సుమారు అయిదు వేల ఎకరాలకొక క్లస్టర్, దానికొక వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈవో), ఒక రైతు వేదిక ఉన్నాయి. 2024 మార్చిలో 110 వేదికలతో రైతు నేస్తం కార్యక్రమం మొదలైంది. మంగళవారం నాడు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త తెర మీద కనిపిస్తే రైతు ఎదురుగా కూర్చుని అడగవచ్చు. ఇది సరైన దారి. ప్రశ్న అడిగే అవకాశం ఉన్న ఏ ఏర్పాటైనా, తిరిగి పలకని సందేశం కంటే మేలు.

ఇబ్బంది ఎక్కడంటే, రైతుకూ తెరకూ నడుమ నిలబడవలసిన ఆ విస్తరణాధికారి దగ్గర సమయం లేదు. సర్వేలు, నమోదులు, బీమా ఫారాలు, పథకాల పరిశీలనలతో రోజు గడిచిపోతోంది. 2024 అక్టోబరులో డిజిటల్ పంటల సర్వే భారం మోయలేమని ఏఈవోలు ఆందోళనకే దిగారు. వాళ్లలో చాలామంది వ్యవసాయం చదువుకున్న యువతీ యువకులు. పురుగును చూసి పేరు చెప్పగలిగినవాళ్ల చేత సర్వే నంబర్ల ఫోటోలు తీయిస్తున్నాం.

పైగా డిజిటల్ సేవ సలహాగా ఆగకుండా షరతుగా మారుతోంది. 2025 వానాకాలం పత్తికి మద్దతు ధర కావాలంటే పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ వారి కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాటు తీసుకోవలసి వచ్చింది. క్వింటాలు 8,110 రూపాయల ధర ఒక ఓటీపీ వెనుక నిలిచింది. దళారుల చేతివాటం అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆధార్‌కు కలిపిన పాత నంబరు పోయినవాళ్లు, స్మార్ట్‌ఫోను లేనివాళ్లు ఊళ్లో చదువుకున్న పిల్లల చుట్టూ, మీసేవ కేంద్రాల చుట్టూ తిరిగారు. స్లాటు దొరకక, అప్పు ఆగక, తక్కువకే వ్యాపారికి తూచినవాళ్లున్నారు. సలహా అందకపోతే దిగుబడి తగ్గుతుంది. స్లాటు అందకపోతే పండిన పంటే చేజారుతుంది. మన రాష్ట్రంలో సగటు కమతం ఒక్క హెక్టారు. రెండున్నర ఎకరాల మనిషి ఈ దెబ్బ ఎన్నిసార్లు తట్టుకోగలడు?

ఇప్పుడు గొంతుతో అడిగితే గొంతుతోనే జవాబిచ్చే కృత్రిమ మేధ వచ్చింది. అక్షరం రానివాళ్లకు ఇది నిజంగా వరమే. సంతోషంతో ఆహ్వానించాలి. అయితే ఆ యంత్రం కోస్తా పత్రికల తెలుగుతో పాటు వానాకాలం, యాసంగి, చల్క, ఉద్దెర అనే తెలుగునూ అర్థం చేసుకోవాలి. తెలియనప్పుడు తెలియదని చెప్పి మనిషికి అప్పగించాలి. ఆ మనిషి అక్కడ ఉండాలి. వచ్చే ఏడాది ఏ కొత్త యాప్‌కు డబ్బు కేటాయించినా, అందులో ఒక వాటా ఊళ్లో తిరిగే మనిషి జీతానికి, బండి పెట్రోలుకు కేటాయించమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. కౌలుదారు నంబరు కూడా నమోదు చేయమని, ఇంట్లో రెండో నంబరుగా ఆడమనిషి ఫోనును రాసుకోమని, రాతతో పాటు గొంతు సందేశం కూడా పంపమని అడుగుతున్నాం. ఏఈవోకు వారంలో కనీసం మూడు రోజులు సర్వేల నుంచి విడుదల కావాలి. వచ్చే వానాకాలం నుంచి, వెళ్లే ప్రతి సలహా చివర ఆ క్లస్టర్ ఏఈవో పేరు, ఫోను నంబరు ఉండాలి. రైతు తిరిగి ఫోన్ చేస్తే ఎత్తడానికి ఒక మనిషి ఉండాలి.